స్నానాల గదిలో తడి, తెట్టు, బూజు



ఈనాటి ప్రసంగాంశం స్నానాల గదిని శుభ్రంగా ఉంచుకోవడం. ఈ మాట వినగానే కొందరికి నవ్వు రావచ్చు. గది కడుక్కోవడానికి కూడా పాఠం కావాలా అనిపించవచ్చు. కానీ ఈ చిన్న పనిలో రెండు ప్రమాదాలు దాగి ఉన్నాయి. ఒకటి, గోడకు పట్టిన బూజును ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే ఇంట్లో ఉబ్బసం ఉన్నవారి ఆరోగ్యం దెబ్బతింటుంది. రెండవది, ఆ బూజును వదిలించాలన్న తొందరలో ఆసిడ్‌నూ బ్లీచింగ్ పొడినీ కలిపితే, కడిగే మనిషి ప్రాణానికే ముప్పు రావచ్చు. ఇంట్లో ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు, పనిమనుషులు. ప్రమాదం ముందుగా వాళ్ళకే. అందువల్ల ఆ గదిలో ఏం జరుగుతోందో కాస్త వివరంగా తెలుసుకుందాం.

దీవుల గురించే ఎందుకు చెప్పుకోవాలి? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపల వేటకనీ, కట్టడాల పనికనీ, ఉద్యోగాలకనీ ఓడెక్కి వెళ్ళినవారు తరాలుగా అక్కడ స్థిరపడ్డారు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో ప్రతి 100 మందిలో సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గరికి వెళితే మనకు వినిపించే పిలుపుల్లో సగం మన తీరాంధ్ర పిలుపులే. వెళ్ళినవారు భాషతోపాటు ఇంటి అలవాట్లు కూడా తీసుకువెళ్ళారు. స్నానాల గది విషయంలో మన అలవాటు ఏమిటి? స్నానం అయ్యాక రెండు చెంబుల నీళ్ళు గోడల మీదా నేల మీదా పోసి, తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తాం. ఎండాకాలంలో శ్రీకాకుళంలోనో హైదరాబాదులోనో మధ్యాహ్నానికి ఆ గది దానంతట అదే ఆరిపోతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఆరదు. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన ఆ పట్టణంలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. విశాఖపట్నంలో పడేదానికి ఇది దాదాపు మూడు రెట్లు. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఆ దీవులను తడుపుతాయి కాబట్టి మే నెల నుంచి డిసెంబరు దాకా గాలిలో తేమకు కొదవ ఉండదు.

గాలిలో తేమ ఎక్కువగా ఉంటే గది ఎందుకు ఆరదో ఒక చిన్న లెక్కతో చూద్దాం. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న గదిని తీసుకోండి. అందులో సుమారు 7 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. స్నానం ముగిశాక గోడలకూ నేలకూ పల్చగా అంటుకొని ఒక లీటరు నీరు మిగిలిందనుకుందాం. ఇది ఎక్కువేమీ కాదు, పదోవంతు మిల్లీమీటరు మందం ఉన్న నీటి పొర పది చదరపు మీటర్ల మేర పరుచుకుంటే లీటరు అవుతుంది. 30 డిగ్రీల వేడి దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. వానాకాలంలో దీవుల్లో సాపేక్ష ఆర్ద్రత 85 శాతం అనుకుంటే, ఆ గాలి ఇప్పటికే 25 గ్రాములకు పైగా ఆవిరిని మోస్తోంది. ఇంకా పట్టేది నాలుగైదు గ్రాములే. అంటే గదిలోని గాలి అంతా కలిసి 30 గ్రాముల పైచిలుకు నీటిని మాత్రమే తీసుకోగలదు. లీటరు అంటే 1,000 గ్రాములు. ఆ గది ఆరాలంటే అందులోని గాలి మొత్తం 30 సార్లు మారాలి. అదే హైదరాబాదులో మే నెలలో, 40 డిగ్రీల వేడి, 25 శాతం ఆర్ద్రత ఉన్న రోజున, నాలుగుసార్లు మారితే చాలు. ఆవిరయ్యేటప్పుడు గాలి కొంత చల్లబడుతుంది. దాన్ని ఈ లెక్కలో కలపలేదు, కలిపితే రెండు చోట్లా అంకెలు పెరుగుతాయి. తేడా మాత్రం తేడాగానే ఉంటుంది.

"కిటికీ తెరిచి ఉంచండి, గది ఆరుతుంది" అని పుస్తకాల్లో కనిపించే సలహా చల్లని పొడి దేశాల్లో పుట్టింది. జోరున వాన కురుస్తున్న రోజున కిటికీ తెరిస్తే లోపలికి వచ్చేది కూడా తడి గాలే. కిటికీ తెరవవద్దని కాదు, తెరవాలి. దానిమీదే ఆధారపడకూడదు. నీటిని గాలికి అప్పగించకుండా చేత్తో తీసివేయడమే దీవుల్లో అసలు శుభ్రత. రబ్బరు వైపరుతో గోడలను పైనుంచి కిందికి రెండుసార్లు లాగి, నేల మీది నీటిని తూము వైపు తోసేస్తే, ఆ లీటరులో చాలా భాగం ఒక్క నిమిషంలో బయటికి పోతుంది. గాలి చేయవలసింది మిగిలిన కాస్త పనే.

తడికి తోడు దీవుల్లో ఉప్పు కూడా ఉంది. సముద్రపు గాలితో వచ్చే ఉప్పు సంగతి అందరికీ తెలుసు. గోడలోపల దాగి ఉండే ఉప్పు సంగతి అంతగా తెలియదు. దీవుల్లో చాలాకాలం ఇళ్ళ కట్టుబడికి సముద్రపు ఒడ్డు ఇసుకనే వాడుతూ వచ్చారు. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు ఆ ఇసుక తవ్వకాన్ని క్రమంగా తగ్గించవలసి వచ్చింది. అంతకుముందు కట్టిన గోడల్లో ఆ ఉప్పు ఇప్పటికీ ఉండవచ్చు. మామూలు ఉప్పు, గాలిలో ఆర్ద్రత 75 శాతం దాటితే నీటిని పీల్చుకొని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో ఉప్పుజాడీ మూత తీసి ఉంచితే ఏమవుతుందో గోడలోనూ అదే అవుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడు ఇంకా తక్కువ తేమకే నీరు పడుతుంది. అందుకే కొన్ని ఇళ్ళలో స్నానం చేయని గోడ కూడా ఎప్పుడూ నెమ్ముగా ఉంటుంది. గాలి కాస్త పొడిబారిన నెలల్లో అదే గోడ మీద తెల్లని పొడి పూస్తుంది. చాలామంది దాన్ని బూజు అనుకొని బ్లీచింగ్ నీళ్ళు కొడతారు. అది వృథా శ్రమ.

ఇక్కడ ఒక మాట. శుభ్రం చేయడానికి ముందు, గోడ మీద ఉన్నది ఏమిటో గుర్తించాలి. వైద్యుడు రోగం తెలుసుకోకుండా మందు రాయడు కదా!

బూజు అంటే శిలీంధ్రం. దాని సిద్ధబీజాలు గాలిలో ఎల్లవేళలా తిరుగుతూనే ఉంటాయి. అవి లేని ఇల్లు లేదు, వాటిని పూర్తిగా తొలగించడం ఎవరివల్లా కాదు. సిద్ధబీజం మొలకెత్తాలంటే వెచ్చదనం, ఆహారం, తడి కావాలి. దీవుల్లో ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 23 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి వెచ్చదనానికి లోటు లేదు. ఆహారం మనమే పెడుతున్నాం. ఒంటి మీది జిడ్డు, రాలిన చర్మపు పొట్టు, తలనూనె, సబ్బు తెట్టు, ఇవన్నీ దానికి భోజనమే. మిగిలింది తడి. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల లోపల ఆరబెడితే చాలావరకు బూజు పట్టదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తన మార్గదర్శకాల్లో చెబుతోంది. స్నానాల గదిలో కష్టమేమిటంటే, అది ఆరకముందే ఇంట్లో మరొకరు స్నానానికి వెళతారు. ఐదుగురున్న ఇంట్లో ఆ గడువు ఎన్నడూ పూర్తికాదు.

నల్లగానో ముదురాకుపచ్చగానో చుక్కలుచుక్కలుగా టైల్స్ సందుల్లో, పైకప్పు మూలల్లో కనిపించేది బూజు. వేలితో రాస్తే మసిలా అంటుతుంది. తుడిచిన వారానికి మళ్ళీ అక్కడే వస్తుంది. వెంటిలేటరు దగ్గర వెలుతురు పడేచోట జారుడుగా, పచ్చగా ఉండేది నాచు. వెలుతురు లేకపోతే అది బతకదు. ఇక సబ్బుపెట్టె కింద, బకెట్టు అంచుకు, తూము జాలీ చుట్టూ గులాబీ రంగులో జిగురుగా పేరుకొనేది ఉంది చూశారా, అది చాలాసార్లు బూజు కాదు, సెరేషియా అనే బాక్టీరియా. దీనికి ఒక చరిత్ర ఉంది. 1819లో ఇటలీలోని పడువా ప్రాంతంలో మొక్కజొన్న సంకటి ఉన్నట్టుండి నెత్తురు రంగుకు మారితే జనం భయపడిపోయారు. బార్తలోమియో బిజియో అనే ఔషధ శాస్త్రజ్ఞుడు పరీక్షించి, అది ఒక సజీవి పని అని తేల్చాడు. ఐతే ఆయన కూడా దాన్ని బూజు జాతి అనే భావించాడు. బాక్టీరియా గురించి అప్పటికి తెలిసింది చాలా తక్కువ. ఆరోగ్యవంతులకు దీనివల్ల సాధారణంగా హాని ఉండదు. గాయాలు ఉన్నవారు, కళ్ళకు లెన్సులు పెట్టుకొనేవారు మాత్రం దాన్ని దగ్గరకు రానివ్వకూడదు.

ఇక తెల్లని మరకల్లో మూడు రకాలున్నాయి. గోడ మీద దూదిపొడిలా ఉండి, తడిగుడ్డ తగిలితే కరిగిపోయేది గోడలోంచి వచ్చిన ఉప్పు. కుళాయి మొదట్లో, షవరు రంధ్రాల చుట్టూ గట్టిగా పెచ్చుకట్టి, నిమ్మరసం పడితే చిన్నగా నురుగు పొంగేది సున్నపు పొర. బూడిద రంగులో మైనంలా ఉండి, గోటితో గీస్తే గీత పడేది సబ్బు తెట్టు.

సబ్బు తెట్టు ఎలా వస్తుందో మనం హైస్కూలు రసాయనశాస్త్రంలో కఠినజలం, మృదుజలం పాఠంలో చదువుకున్నాం. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఉంటే అవి సోడియాన్ని పక్కకు నెట్టి తాము ఆ స్థానంలోకి వస్తాయి. అలా తయారైన కాల్షియం లవణం నీటిలో కరగదు. నురుగు రాదు, తెట్టు మాత్రం గోడకు అంటుకుంటుంది. కొండల మీద పడిన వాననీరు చేరే ధనికారి ఆనకట్ట నీళ్ళు కుళాయిలో వస్తున్నంతకాలం పట్టణంలో ఈ బెడద తక్కువ. పగడపు సున్నపురాయి నేలలున్న కార్ నికోబార్ వంటి దీవుల్లో బావినీళ్ళు అలా కాదు. ఎండాకాలంలో కుళాయి రాక బావినీళ్ళ మీద ఆధారపడే ఇళ్ళలోనూ తెట్టు ఎక్కువే. ఓడల్లో పనిచేసినవారికి ఇంకో సంగతి తెలుసు. సముద్రపు నీటిలో మామూలు సబ్బు అసలు నురగదు. కొబ్బరినూనెతో చేసిన సబ్బు ఒక్కటే కాస్త నురుగునిస్తుంది. అందుకే పూర్వం నావికుల కోసం ప్రత్యేకంగా కొబ్బరినూనె సబ్బులు తయారుచేసేవారు. కొబ్బరితోటల దీవుల్లో ఈ సబ్బు ఇప్పటికీ మంచి ఎంపికే అని నా ఉద్దేశం.

బూజుకు భోజనం తెట్టు అన్నాం. అందువల్ల శుభ్రం చేసే వరస ఏమిటో దీన్నిబట్టే తేలిపోతుంది. ముందు తెట్టును తీయాలి, తరువాతే బూజు సంగతి చూడాలి, చివరికి ఆరబెట్టాలి. తెట్టు మీదనే బ్లీచింగ్ నీళ్ళు పోస్తే, అందులోని క్లోరిన్ ఆ జిడ్డుతోనే ఖర్చైపోయి బూజు దాకా చేరదు. మనలో చాలామంది చేసే పని ఇదే. ఎంత మందు పోసినా పోవడం లేదని మోతాదు పెంచుతూ పోతారు.

వారానికి ఒకసారి చేయవలసిన పని ఇలా పెట్టుకోవచ్చు. దీవుల్లో నీటి ఎద్దడి ఉండే నెలలను కూడా దృష్టిలో పెట్టుకొనే చెబుతున్నాను. ఇంత వాన పడే ఊళ్ళో నీటి కొరత ఏమిటని బయటివారు ఆశ్చర్యపోతారు. జనవరి తర్వాత వానలు తగ్గి, జలాశయం మట్టం పడిపోతే కుళాయి రోజు విడిచి రోజు, మరీ ఎద్దడి ఏడాదుల్లో ఇంకా అరుదుగా వస్తుంది. అందువల్ల రెండు బకెట్ల నీటితో పని ముగియాలి. మొదటి తడుపుకు బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు వాడుకోండి. గది పొడిగా ఉన్నప్పుడే ముందుగా వెంట్రుకలు, చెత్త ఏరివేసి, తూము జాలీ విప్పి పక్కన పెట్టండి. ఒక మగ్గు నీటిలో రెండు చెంచాల బట్టల పొడి, ఒక చెంచా వాషింగ్ సోడా కలిపి, గుడ్డతో గోడల కింది సగానికి, నేలకు, కుళాయిల చుట్టూ పట్టించి పావుగంట వదిలేయండి. ఆ పావుగంటే అసలు పని చేస్తుంది. వెంటనే రుద్దడం మొదలుపెడితే చేతులు నొప్పి తప్ప ఫలితం తక్కువ. తరువాత కొబ్బరిపీచుతో గోడలను, పాత పళ్ళ బ్రష్షుతో టైల్స్ సందులను పైనుంచి కిందికి రుద్ది, మంచినీళ్ళతో కడిగేయండి. సబ్బునీటి జాడ మిగలకూడదు, మిగిలితే అదే వచ్చేవారం తెట్టు.

సున్నపు పెచ్చు ఉన్నచోట దీనితో పని జరగదు. దానికి పులుపు కావాలి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు పెద్ద చెంచాలు లీటరు గోరువెచ్చని నీటిలో కరిగించి, గుడ్డ తడిపి కుళాయి చుట్టూ చుట్టి అరగంట ఉంచితే పెచ్చు మెత్తబడుతుంది. షవరు తల విప్పగలిగితే విప్పి అందులో నానబెట్టండి. విప్పలేకపోతే ఆ నీరు పోసిన ప్లాస్టిక్ సంచిని దానికి కట్టి ఉంచితే సరిపోతుంది. పాలరాతి మీద, మొజాయిక్ నేల మీద మాత్రం ఏ పులుపూ వాడకూడదు. అవి కూడా సున్నపు జాతివే, పెచ్చుతోపాటు అవీ కరుగుతాయి.

ఈ కారణం వల్లనే సీసాల్లో అమ్మే ఆసిడ్‌తో టైల్స్ కడగడాన్ని నేను ఒప్పుకోను. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పోసిన క్షణంలో బుసబుస పొంగి గోడ తళతళలాడుతుంది, నిజమే. ఆ పొంగినదాంట్లో మురికి కొంత, టైల్స్ సందుల్లోని సిమెంటు కొంత. సిమెంటు కరిగినచోట కంటికి కనిపించని గుంటలు పడతాయి. ఆ గుంటల్లో నీరు నిలుస్తుంది, తెట్టు చేరుతుంది, బూజు వేరూనుతుంది. ఆసిడ్‌తో కడిగిన గదికి తర్వాతి నెలలో బూజు మరింత తొందరగా పట్టడానికి కారణం ఇదే. కుళాయిల మీది మెరుపు పూత కూడా దీనివల్లే పోతుంది.

అంతకంటె ముఖ్యమైన విషయం ఇప్పుడు చెప్పాలి. బ్లీచింగ్ పొడిలో ఉన్న హైపోక్లోరైట్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర యుద్ధభూమిలో సైనికుల మీదికి వదిలినది ఈ వాయువునే. మరుగుదొడ్డి కడిగే ద్రావకాల్లో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా ఆమ్లాలే. "రెండూ శుభ్రం చేసేవే కదా, కలిపితే ఇంకా బాగా శుభ్రమవుతుంది" అన్న ఆలోచన చాలా సహజంగా వస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది. కావాలని కలపకపోయినా కలిసిపోయే సందర్భం ఇంకొకటి ఉంది. రాత్రి నేల మీద బ్లీచింగ్ పొడి చల్లి పడుకుంటారు. పొద్దున్నే ఇంకొకరు వచ్చి, ఆ సంగతి తెలియక, ఆసిడ్ ద్రావకం పోస్తారు. సందుల్లో మిగిలిన పొడి చాలు. క్లోరిన్ గాలికంటె రెండున్నర రెట్లు బరువైనది. అందువల్ల నేల మట్టంలోనే పేరుకుంటుంది. తూము దగ్గర గొంతు కూర్చొని రుద్దుతున్న మనిషి ముఖం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. కళ్ళు మండి, గొంతు పట్టేసినట్టయి, దగ్గు ఆగకపోతే అక్కడ ఒక్క క్షణం కూడా ఉండకూడదు. నీళ్ళు పోసి చూద్దామని ఆగవద్దు. తలుపు తెరిచి బయటి గాలిలోకి రావాలి, కళ్ళను పావుగంటసేపు ధారగా నీళ్ళతో కడగాలి, ఆసుపత్రికి వెళ్ళాలి. ఊపిరితిత్తుల్లో నెమ్ము కొన్ని గంటల తర్వాత కూడా చేరవచ్చు కాబట్టి, తగ్గిపోయిందనిపించినా వైద్యుడికి చూపించాలి.

మరి బ్లీచింగ్ పొడి వాడనే కూడదా? వాడవచ్చు, బూజు కళ్ళకు కనిపించినప్పుడు, టైల్స్ సందుల వరకు. పులుపు వాడిన రోజున వద్దు, ఇంకో రోజు పెట్టుకోండి. లీటరు నీటిలో మూడు చిన్న చెంచాలు, అంటే సుమారు 15 గ్రాముల తాజా పొడి కలిపి, కాసేపు తేరనిచ్చి, పైతేట నీరు మాత్రమే తీసుకోండి. అడుగున మిగిలేది సున్నం, దాన్ని గోడకు పూస్తే తెల్లమరకలు మిగులుతాయి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, తలుపు తీసి ఉంచి, తెట్టు తీసేసిన సందులకు బ్రష్షుతో అద్ది, పది నిమిషాల తర్వాత కడిగేయండి. ఉబ్బసం ఉన్నవారు ఆ సమయంలో ఇంటి ముందు గదిలో ఉండటం మంచిది. తేమ గాలికి బ్లీచింగ్ పొడి తొందరగా చచ్చుబడిపోతుంది. కాబట్టి దీవుల్లో పెద్ద సంచి కొనడం దండుగ. చిన్న పొట్లం కొని మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. ఎక్కువ పోస్తే సెప్టిక్ ట్యాంకులో మురుగును జీర్ణం చేసే బాక్టీరియా కూడా చస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

చెక్క తలుపు మీద, సున్నం వేసిన గోడ మీద బూజుకు బ్లీచింగ్ నీళ్ళు పెద్దగా పనికిరావు. పైరంగు పోతుంది, లోపలి పోగులు మిగులుతాయి. అక్కడ సబ్బునీటితో తుడిచి బాగా ఆరబెట్టడం, తడి ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపడం, ఆ తర్వాతే రంగు వేయడం. పైకప్పు రేకు కారుతుండగా కొత్త రంగు కొట్టించడం డబ్బును గోడకు పూయడమే.

తేమ, బూజు ఉన్న ఇళ్ళలో నివసించేవారికి శ్వాసకోశ వ్యాధులు, ఉబ్బసం ఎక్కువగా వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. బూజు ఎంత ఉంటే ప్రమాదమో ఒక హద్దు గీయకుండా, తడిని అరికట్టమనే ఆ సంస్థ సూచించింది. మనం లెక్కగట్టి చూసినదీ అదే.

అందుకే రోజువారీ పని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. చివర స్నానం చేసినవారు వైపరు లాగడం ఇంట్లో నియమంగా పెట్టుకోండి. మగపిల్లలకు కూడా ఈ పని అప్పగించండి, ఒక్క నిమిషం పనే. బకెట్టు బోర్లించాలి. మగ్గు కొక్కేనికి తగిలించాలి. సబ్బుపెట్టెకు కింద రంధ్రాలుండాలి. షవరు తెర ఉంటే ముడుచుకొని ఉంచకుండా పూర్తిగా పరచాలి. వానాకాలంలో బట్టలు ఆరక స్నానాల గదిలోనే తీగ కట్టి ఆరేస్తుంటారు. పిండిన బట్టల్లో కూడా బకెట్టుకు రెండు మూడు లీటర్ల నీరు మిగిలే ఉంటుంది. పైన వేసిన లెక్క ప్రకారం ఆ నీరంతా ఎక్కడికి పోతుందో ఆలోచించండి. రేకు వసారా కింద, గాలి ఆడేచోట తీగ కట్టుకోవడం మేలు.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే మంచిదే. ఇళ్ళలో పెట్టే ఆరంగుళాల ఫ్యాను, రకాన్ని బట్టి, గంటకు 200 ఘనపు మీటర్లకు పైగా గాలిని బయటికి తోస్తుంది. మన గదిలో గాలి 30 సార్లు మారాలంటే దాదాపు గంటసేపు తిరగాలి. ముందు వైపరు లాగితే పావుగంట సరిపోతుంది. దీవుల్లో కరెంటు ఎక్కువగా డీజిలుతో తయారవుతుంది, కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. తలుపు కింద వేలెడు సందు ఉండాలి. లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాను చప్పుడు తప్ప లాభం ఉండదు.

ఇక మిగిలింది షవరు. 2009లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అనేక నగరాల షవరు తలలను పరీక్షించి, వాటి లోపల జిగురు పొరల్లో మైకోబాక్టీరియా జాతి సూక్ష్మజీవులు నీటిలో కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా పేరుకొని ఉండటం గమనించారు. ఇది క్షయ కలిగించే బాక్టీరియా కాదు, దాని దూరపు బంధువు. ఆరోగ్యవంతులు భయపడనవసరం లేదు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, వృద్ధులు బకెట్టు స్నానం చేస్తే తుంపరలు పీల్చే బెడద తగ్గుతుంది. తుంపరల ద్వారా వచ్చే మరో జబ్బు లెజియోనేర్ వ్యాధి. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటలులో జరిగిన మాజీ సైనికుల సమావేశం తర్వాత ఇది తొలిసారి బయటపడింది. కారణమైన బాక్టీరియాను ఆ మరుసటి ఏడాది గుర్తించారు. అది 20 నుంచి 45 డిగ్రీల మధ్య, నిలవ నీటిలో పెరుగుతుంది. మేడ మీది టాంకీలో నీళ్ళు దీవుల్లో ఏడాదంతా ఆ వేడిలోనే ఉంటాయి.

వేసవి సెలవుల్లో పిల్లలతో విశాఖ ఓడెక్కి స్వగ్రామానికి వెళ్ళి, నెల తర్వాత తిరిగి వచ్చే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలా వెళ్ళేటప్పుడు టాంకీ ఖాళీ చేసి, స్నానాల గది పొడిగా తుడిచి, గది తలుపు తెరిచి ఉంచి వెళ్ళండి. తిరిగి వచ్చిన రోజున టాంకీ కడిగి కొత్తనీళ్ళు నింపాక, వెంటనే షవరు కింద నిలబడవద్దు. కిటికీ తెరిచి, షవరు తలను బకెట్టులోకి వంచి ఐదు నిమిషాలు నీళ్ళు పోనిచ్చి, మీరు గది బయట ఉండండి. ఆ బకెట్టు నీళ్ళతో నేల కడుక్కోవచ్చు. టాంకీ లోపలి గోడలను ఎలా కడగాలి, దోమలు చేరకుండా మూత ఎలా బిగించాలి అన్నవి వచ్చే ప్రసంగంలో చూద్దాం.